జడ కొసకు ఆరేళ్లు

నాచారంలో ఈసీఐఎల్ వైపు పోయే రోడ్డు మీద ఒకప్పుడు సీడీఎఫ్‌డీ ఉండేది. కేంద్ర ప్రభుత్వపు డీఎన్‌ఏ వేలిముద్రల సంస్థ అన్నమాట. తర్వాత నాంపల్లికి మారి, ఇప్పుడు ఉప్పల్‌లో ఇన్నర్ రింగ్ రోడ్డు పక్కన సొంత ఆవరణలో ఉంది. ఇలాంటి చోటికి వచ్చే ఆధారాల పొట్లాల్లో రక్తపు మరకలు, ఎముకలు, పళ్లతో పాటు వెంట్రుకలూ ఉంటాయి. వెంట్రుక చేతికి వచ్చాక ముందుగా తేల్చుకోవలసింది ఒకటే: కుదురుతో సహా ఊడిందా, మధ్యలో తెగిందా? కుదురు అంటుకుని ఉంటే ఆ కణాల్లో పూర్తి డీఎన్‌ఏ దొరుకుతుంది, మనిషి ఎవరో చెప్పేయవచ్చు. తెగిన ముక్కలో మామూలుగా పనికొచ్చేది తల్లి నుంచి సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్‌ఏ మాత్రమే. దాంతో ఫలానా తల్లి వైపు వంశమని చెప్పగలం గానీ అన్నదా తమ్ముడిదా అంటే చెప్పలేం. కేంద్రకం తాలూకు డీఎన్‌ఏ అక్కడ మిగిలినా ముక్కముక్కలై ఉంటుంది.

జుట్టు పెంచుకుందామనుకునేవాళ్లకు ఈ నేర పరిశోధన గొడవ ఎందుకంటే, నూనెల ప్రకటనలు చెప్పని సంగతి ఇందులోనే ఉంది. చర్మం దాటి బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు. చర్మం కింద కొన్ని మిల్లీమీటర్ల లోతున కుదుట్లో కణాలు ఒళ్లంతటిలోనూ ఎంతో వేగంగా విభజన చెందే వాటిలో ఉంటాయి. క్యాన్సర్ మందులకు జుట్టు ముందుగా రాలిపోయేది ఆ వేగం వల్లే. ఆ కణాలు పైకి జరిగేకొద్దీ కెరాటిన్ అనే ప్రొటీన్‌తో నిండి గట్టిపడి, తమ కేంద్రకాన్ని తామే కరిగించుకుని చచ్చిపోతాయి. ఆ చచ్చిన కణాల వరసే మనం దువ్వుకునే వెంట్రుక. దానికి ఆకలి లేదు. ‘పోషణ’ అని సీసా మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అది పైపూతే. పైపూత దండగని నేను అనను. దాని పని వేరు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు, జుట్టు ఎంత పెరుగుతుందన్న లెక్క. అది గుండుతో మొదలుపెడదాం. ఉప్పల్ చౌరస్తాలో వరంగల్ వైపు బస్సెక్కితే యాదగిరిగుట్ట. ఈ వైపు ఎన్నో ఇళ్ల పిల్లల పుట్టువెంట్రుకలు అక్కడి కళ్యాణకట్టలోనే తీయిస్తారు. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని పెద్దవాళ్ల నమ్మకం. 1928లో మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త గడ్డం గీసుకునే మగవాళ్లను పరిశీలించి, గీకినందువల్ల వెంట్రుక మందం గానీ పెరిగే వేగం గానీ మారవని తేల్చారు. కత్తి కోసేది చచ్చిన భాగాన్ని, ఆ కబురు కుదురుకు చేరే దారి లేదు. పుట్టువెంట్రుక కొస సూదిగా ఉంటుంది, కోశాక వచ్చేదానికి కొస మొద్దుగా ఉంటుంది, అందుకే చేతికి బిరుసుగా తగులుతుంది. పసిపిల్లల మెత్తటి వెంట్రుకలు వయసుతో పాటు ఎలాగూ ముదురుతాయి. ఆ ఘనత కాస్తా మంగలి కత్తి ఖాతాలో పడుతుంది.

అయితే లెక్క మొదలుపెట్టడానికి గుండు కంటే మంచి చోటు లేదు. జుట్టు పెరిగేది నెలకు దాదాపు 1.2 సెంటీమీటర్లు. గుట్ట నుంచి వచ్చిన ఏడాదికి 14 లేదా 15 సెంటీమీటర్లు. నడుం దాకా, అంటే సుమారు 90 సెంటీమీటర్లు రావాలంటే ఆరేళ్ల పైమాటే. అయితే ప్రతి కుదురుకీ ఆ ఓపిక ఉండదు. ఒక్కో కుదురు రెండు నుంచి ఆరేళ్ల దాకా వెంట్రుకను పెంచి, రెండు మూడు వారాల్లో ముడుచుకుని, మూడు నెలలు ఊరుకుంటుంది. తర్వాత కొత్త వెంట్రుక పెరగడం మొదలై పాతది రాలిపోతుంది. పెరిగే కాలం మూడేళ్లే రాసిపెట్టి ఉన్న తలలో జడ వీపు మధ్యకు రావడమే గొప్ప, మోకాళ్లదాకా రమ్మంటే రాదు. అది తాత ముత్తాతల నుంచి వచ్చిన గడువు. కొన్ని కుదుళ్ల గడువు పొడుగు, కొన్నింటిది పొట్టి. ఎలుకతోక జడలో కింద పల్చబడటానికి సగం కారణం ఇదే. అక్కడిదాకా రాగలిగినవి కొన్నే మరి.

తల మీద ఉన్నవి లక్ష అనుకుందాం. ఒక్కోటి మూడేళ్లు, అంటే వెయ్యి రోజుల పైచిలుకు ఉండి రాలితే రోజుకు దాదాపు వంద రాలాల్సిందే. గడువు ఆరేళ్లయితే యాభైకి అటూ ఇటూ. రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలేనని వైద్యులు చెప్పే మాట ఈ భాగహారానికి సరిగ్గా సరిపోతుంది. వారానికి రెండుసార్లు తలస్నానం చేసేవాళ్లకు మూడు రోజుల బాకీ ఒక్కసారే బాత్రూం జాలీ మీద తేలుతుంది. పొడవు కూడా కళ్లను మోసం చేస్తుంది. 5 సెంటీమీటర్ల క్రాఫు ఉన్నవాడికి వంద వెంట్రుకలు రాలితే మొత్తం పొడవు 5 మీటర్లు. 80 సెంటీమీటర్ల జడ ఉన్నామెకు అదే వంద, 80 మీటర్లు. గుండెలు బాదుకునేది ఎవరో చెప్పనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. నడుం దాకా ఉన్న జడ కొస ఆరేళ్ల కిందట కుదురు విడిచిపెట్టిన పదార్థం. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలయ్యాయి. ఆ ఏడాది మొలిచిన వెంట్రుక 2024 నాటికి నడుం దాకా వచ్చేసి ఉంటుంది, ఫ్లైఓవర్ మాత్రం అప్పటికీ పూర్తి కాలేదు. ఆ ఆరేళ్లలో జడ కొస వారానికి రెండు చొప్పున ఆరు వందలకు పైగా తలస్నానాలు చూసింది. దువ్వెన, రబ్బరు బ్యాండు, ఎండ, స్కూటీ మీద గాలి, దిండు గలీబు రాపిడి సరేసరి. చచ్చిన పదార్థం కాబట్టి దెబ్బ తింటే తనంత తాను మానదు.

అందుకే జుట్టు పెంచడంలో ఎక్కువ పని పుట్టేదాన్ని తొందరపెట్టడంలో లేదు, పుట్టిందాన్ని అన్నేళ్లు తెగకుండా కాపాడుకోవడంలో ఉంది. ‘నా జుట్టు భుజాల దగ్గరే ఆగిపోయింది’ అనేవాళ్లు చాలామందికి పెరగడం ఆగలేదు. పైన వచ్చినంతా కింద తెగిపోతోంది, అంతే. దువ్వెనకు చిక్కిన వెంట్రుకను వెలుతురులో చూడండి. ఒక చివర తెల్లటి చిన్న బుడిపె ఉంటే గడువు తీరి ఊడింది. రెండు చివరలా బుడిపె లేకపోతే తెగింది. మొదటి రకం మితిమీరితే చూసుకోవలసింది ఒంటి సంగతి, రెండో రకం ఎక్కువైతే బాత్రూం సంగతి.

వెంట్రుక బయటి పొర పెంకుటింటి కప్పులా ఉంటుంది. కుదురు వైపు నుంచి కొస వైపుకు పల్చటి పొలుసులు ఒకదాని అంచు మీద ఒకటి, అనేక వరసలుగా పరుచుకుని ఉంటాయి. వాటి మీద నీటిని అంటనివ్వని సన్నటి కొవ్వు పూత. లోపల గంధకపు బంధాలతో ముడివేసిన కెరాటిన్ పోగులు. ఒక వెంట్రుకను వేళ్ల మధ్య కుదురు నుంచి కొసకు లాగితే నున్నగా జారుతుంది, కొస నుంచి కుదురుకు లాగితే గరగరమంటుంది.

ఈ పొలుసుల దిశ మీద ఒక వ్యాపారమే నడుస్తోంది. తిరుమల కళ్యాణకట్టలో తీసిన జుట్టు కుదుళ్లన్నీ ఒక వైపు, కొసలన్నీ ఒక వైపు ఉండేలా కట్టలు కట్టడానికి వీలైనది కాబట్టి విగ్గుల బజారులో దానికి ఎక్కువ ధర. ‘రాలిన జుట్టు కొంటాం’ అంటూ వీధుల్లోకి వచ్చి స్టీలు గిన్నెలో, డబ్బులో ఇచ్చి పట్టుకెళ్లే చిక్కుజుట్టులో తలా తోకా కలిసిపోయి ఉంటాయి. ఎదురెదురు పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని అట్టకడతాయి. అందుకని చాలాచోట్ల దాన్ని ఆమ్లంలో ముంచి పొలుసుల్నే తీసేసి, పైన సిలికాన్ పూసి అమ్ముతారు. కొత్తలో నిగనిగలాడుతుంది. కొన్ని నెలలు స్నానం చేశాక పూత పోయి అసలు రూపం బయటపడుతుంది. ఈ ముడి జుట్టు దొంగతనంగా సరిహద్దులు దాటుతోందన్న ఫిర్యాదులతో 2022 జనవరిలో కేంద్రం ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. నెత్తి మీద ఉన్న జుట్టు పొలుసులు ఎగిరిపోయినా జరిగేది ఇదే: చిక్కు, చిక్కు తీయబోతే తెగడం, కొసలు చీలడం.

పొలుసులకు ఉప్పల్, నాచారాల్లో మొదటి పరీక్ష నీళ్లు. ఈ కాలనీల కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. దాన్ని చదివే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ కూడా ఉప్పల్ రోడ్డు మీదే ఉంది. వాన నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఇంకుతూ కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని బోరులోకి చేరతాయి. 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసేదాకా ఉప్పల్ కలాన్ విడి మున్సిపాలిటీ, శివారు కాలనీలు చాలాకాలం బోర్ల మీదే బతికాయి. ఇప్పటికీ తాగడానికి నల్లా, మిగతా పనులన్నింటికీ బోరు అనే ఇళ్లు తక్కువేం కాదు. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటి కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. బకెట్టు అంచున తెల్లటి చార, షవర్ రంధ్రాలు పూడుకుపోవడం, గీజర్ కాయిల్ మీద సున్నం... మీ ఇంటి నీళ్ల సంగతి ఇవే చెప్పేస్తాయి.

ఇలాంటి నీళ్లలో ఒంటి సబ్బుతో తల రుద్దుకుంటే సబ్బులోని కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి కరగని తెట్టులా మారి పొలుసుల మధ్య కూర్చుంటాయి. జుట్టు బంకగా, బరువుగా, మసకగా. కుంకుడు రసానికి ఈ బాధ లేదు. అందులో నురగ తెచ్చే సాపోనిన్లకు విద్యుదావేశం ఉండదు కాబట్టి కాల్షియం వాటిని పట్టుకోలేదు. పైగా కుంకుడు, శీకాయ రెండూ కొంచెం ఆమ్లగుణం ఉన్నవి. సబ్బు క్షారం పొలుసుల్ని లేపితే ఇవి అణిగి ఉండనిస్తాయి. కఠినమైన బోరు నీళ్ల నేల మీద మన అమ్మమ్మలు దీన్ని పట్టుకుని వేలాడటంలో రసాయన శాస్త్రం ఉంది. కళ్లల్లో పడితే మాత్రం ఏ శాస్త్రమూ గుర్తుండదు. ఇప్పటి షాంపూలు సబ్బు కంటే కఠిన జలాన్ని బాగా తట్టుకుంటాయి. చాలావాటిలో కాల్షియాన్ని కట్టిపడేసే ఈడీటీఏ కూడా కొద్దిగా కలుపుతారు.

మరి బోరు నీళ్లకు జుట్టు ఊడిపోతుందా? అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఈ మాట వినని రోజు ఉండదు. కోయంబత్తూరు వైద్యులు 2013లో వెంట్రుకలను కఠిన జలంలోనూ శుద్ధ జలంలోనూ ఉంచి లాగి చూస్తే బలంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తర్వాత పాకిస్తాన్‌లో చేసిన పరీక్షలో బలం తగ్గినట్టు తేలింది. రెండు పరీక్షలూ చిన్నవే. రెండూ చూసింది తెగడాన్ని, ఊడడాన్ని కాదు. తలకు తగిలిన నీటి కాల్షియం కుదురును చంపుతుందనడానికి ఆధారం లేదు. జుట్టు బిరుసెక్కి చిక్కుపడటం, దాన్ని లాగితే తెగడం మాత్రం నిజం. కాబట్టి ఇల్లు మారనక్కర్లేదు. తలస్నానం చివర రెండు చెంబులు నల్లా నీళ్లు పోసుకుంటే చాలా తేడా ఉంటుంది. కాచి, చల్లార్చి, తేరుకున్న పై నీళ్లు తీసుకున్నా కఠినతలో కొంత అడుగున దిగిపోతుంది. ఒకటి మాత్రం వద్దు. ఆర్వో ఫిల్టరు బయటికి వదిలే నీళ్లు వృథా కాకూడదని బకెట్లో పట్టి తలస్నానానికి వాడేవాళ్లున్నారు. ఫిల్టరు ఏరిపారేసిన లవణాలన్నీ చేరినవే ఆ నీళ్లు. ఇల్లు తుడవడానికి వాడుకోండి.

ఇక పైపూత సంగతి. వెంట్రుక తడిస్తే నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. ఉబ్బినప్పుడు లోపలి ప్రొటీన్ కొంత కరిగి పోతుంది, పొలుసుల అంచులు లేస్తాయి. 2003లో రెలె, మొహిలె అనే ముంబై శాస్త్రవేత్తలు కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెల్ని పోల్చి చూస్తే, ప్రొటీన్ నష్టాన్ని చెప్పుకోదగ్గంతగా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లపు అణువు పొట్టిది, వంకర లేనిది, అందుకని వెంట్రుక లోపలికి దూరగలదు. మిగతావి పైనే ఉండిపోతాయి. ఆ ఇద్దరూ పనిచేసింది కొబ్బరి నూనె అమ్మే మారికో కంపెనీలో అన్నది మరిచిపోకూడదు. అయినా కొబ్బరి నూనె లోపలికి వెళ్తుందన్న సంగతిని తర్వాతి పరీక్షలూ బలపరిచాయి. నూనె పెట్టాల్సిన వేళ తలస్నానానికి ముందు, పెట్టాల్సిన చోటు ముసలి కొసలు. మనవాళ్లు మాడు మీద చెంబెడు పోసి మర్దన చేసి, కొసలకు చేతికంటిన తడి మాత్రం రాస్తారు. మర్దన హాయిగా ఉంటుంది, కాదనను. చుండ్రు ఉన్నవాళ్లు మాత్రం మాడును వదిలేయాలి. చుండ్రుకు కారణమైన మలసీజియా అనే శిలీంధ్రం నూనెల్లోని కొవ్వు ఆమ్లాలు తినే బతుకుతుంది. వాళ్లకు కావలసింది కీటోకొనజోల్ లాంటి మందున్న షాంపూ.

ఆముదం జుట్టును మొలిపిస్తుందన్నదానికి గట్టి ఆధారం లేదు. చిక్కదనం వల్ల జుట్టంతా అతుక్కుని, విడదీయలేని ముద్దగా మారి కత్తిరించాల్సి వచ్చిన ఒక యువతి ఉదంతాన్ని మన దేశ వైద్యులే 2017లో నమోదు చేశారు. అలా జరగడం అరుదు. మందారాకు, మెంతి ముద్ద, గుంటగలగరాకు నూనె జుట్టును మెత్తబరుస్తాయి, కడిగేటప్పుడు ఓపిక ఉంటే వాడుకోవచ్చు.

తడి జుట్టును తువ్వాలుతో ఠపఠపా దులిపే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. చూడ్డానికి బాగుంటుంది గానీ వెంట్రుక అన్నిటికంటే బలహీనంగా ఉండే క్షణంలో దాన్ని కొరడా దెబ్బలు కొట్టడమే అది. తడిసినప్పుడు కెరాటిన్ పోగుల మధ్య హైడ్రోజన్ బంధాలు వదులవుతాయి, వెంట్రుక సాగుతుంది, కొంత దూరం సాగాక తిరిగి మామూలు కాదు. పాత కాటన్ చీర ముక్కతో అద్ది, ముప్పావు వంతు ఆరాక, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీసుకుంటూ రావాలి. తడి మీద ఇస్త్రీ పెట్టె లాంటి స్ట్రెయిటనర్ పెడితే లోపలి నీళ్లు ఆవిరై వెంట్రుకలో బుడగలు లేస్తాయి. ఆ చోటే రేపు విరుగుతుంది. ‘కెరాటిన్ ట్రీట్‌మెంట్’ పేరుతో సెలూన్లలో చేసేదానిలో జుట్టును సాఫు చేసేది కెరాటిన్ కాదు. ఫార్మాల్డిహైడ్‌ను పుట్టించేవో, గ్లైఆక్సిలిక్ ఆమ్లమో ఆ పని చేస్తాయి. ఈ రెండో రకానికీ మూత్రపిండాలు దెబ్బతినడానికీ సంబంధం ఉందని 2024లో వైద్య పత్రికల్లో వచ్చింది. వేలు పోసి కొనుక్కునే ముందు ఏం పూస్తున్నారో అడగడం కస్టమర్ హక్కు.

స్కూలు ఆడపిల్లలకు నెత్తి చర్మం లాగేంత బిగువుగా రెండు జడలు వేస్తే నుదుటి అంచున కుదుళ్లు ఏళ్ల తరబడి గుంజుడుకు పల్చబడతాయి. ముందే గుర్తిస్తే తిరిగి వస్తాయి, ఆలస్యమైతే రావు. స్కూటీ నడిపే అమ్మాయిలు ముఖానికీ జుట్టుకీ చున్నీ చుట్టుకోవడం మాత్రం పద్ధతైన పని. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కెరాటిన్‌ను విరిచేస్తాయి, గాలి చిక్కుపెడుతుంది. రెంటికీ ఆ ఒక్క గుడ్డ అడ్డం.

కుదురుతో ఊడేవి ఎక్కువైనప్పుడు రాలడం మొదలైన రోజు నుంచి రెండు మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టాలి. డెంగీ, టైఫాయిడ్, కోవిడ్, కాన్పు, పెద్ద ఆపరేషన్, ఉపవాసాలతో చేసిన డైటింగ్... అక్కడ ఏదో ఒకటి దొరుకుతుంది. ఒంటికి కష్టం వస్తే కుదుళ్లు మూకుమ్మడిగా సెలవు పెడతాయి, ఆ వెంట్రుకలు రాలేది మూడు నెలల తర్వాత. చాలామందికి ఆరు నెలల్లో మళ్లీ సర్దుకుంటుంది. ఈలోపు ఏ నూనె రాస్తే ఆ నూనెకు పేరొస్తుంది.

తిండి లోపాన్ని జుట్టు ఎంత నిజాయితీగా రాసిపెడుతుందో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు బాగా తెలుసు. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్ వచ్చిన ఆ సంస్థ దశాబ్దాల పాటు అధ్యయనం చేసిన క్వాషియార్కర్ అనే ప్రొటీన్ కొరత జబ్బులో, పిల్లల వెంట్రుక మీద పాలిపోయిన పట్టీ ఒకటి, నల్లటి పట్టీ ఒకటి కనబడతాయి. తిండి దొరకని కాలం, దొరికిన కాలం. వైద్యులు దాన్ని జెండా గుర్తు అంటారు. అలాంటి పిల్లలు ఇప్పుడు ఉప్పల్‌లో అరుదు. రక్తహీనత మాత్రం అరుదేం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మహిళల్లో 57 శాతానికి పైగా అది ఉన్నట్టు తేలింది. పోషకాహార సంస్థ లెక్క ప్రకారం స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అన్నం, చారు, మధ్యలో నాలుగు చాయ్‌లతో అది రాదు. భోజనంతో పాటు చాయ్ తాగితే వచ్చిందాంట్లోనూ కొంత పోతుంది.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు మింగేవాళ్లకు ఒక మాట. మామూలు తిండి తినేవాళ్లలో బయోటిన్ కొరత చాలా అరుదు. ఎక్కువ మోతాదులో తీసుకుంటే థైరాయిడ్, గుండె పరీక్షల ఫలితాలు తప్పుగా రావచ్చని అమెరికా ఔషధ సంస్థ 2017లో హెచ్చరించింది. జుట్టు రాలుతోందని థైరాయిడ్ పరీక్షకు వెళ్లేవాళ్లే ఈ మాత్రలు వేసుకుంటుంటారు, చిక్కంతా అక్కడే. ల్యాబులో ముందే చెప్పాలి. గుండ్రటి నున్నటి మచ్చగా ఊడిపోయే పేనుకొరుకుడుకు పేలతో సంబంధం లేదు. ఒంటి రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేసే జబ్బు అది. మగవాళ్ల నడినెత్తి పల్చబడటం మళ్లీ వేరు. అక్కడ కుదురే ఏటికేడాది చిన్నదై, పెరిగే గడువు తగ్గిపోతుంది. మినాక్సిడిల్ లాంటి మందు ముందుగా మొదలుపెడితేనే ఫలితం. వీటికి చర్మవైద్యుల దగ్గరికే వెళ్లాలి.

చివరగా కత్తెర. కొసలు కత్తిరిస్తే జుట్టు తొందరగా పెరుగుతుందన్నది గుండు నమ్మకానికి చెల్లెలు. కత్తిరించడం అవసరమే, చీలిన కొస పైకి చీలుకుంటూ పోతుంది కాబట్టి. ఎంత, ఎప్పుడు అన్నదగ్గర లెక్క చూసుకోవాలి. రెండు నెలలకోసారి అంగుళం తీయించమని సెలూన్లలో చెబుతుంటారు. అంగుళమంటే రెండున్నర సెంటీమీటర్లు, రెండు నెలల్లో పెరిగేది 2.4. ఆ సలహా పాటించే అమ్మాయి జుట్టు పదేళ్లయినా ఉన్నచోటే ఉంటుంది. మూడు నెలలకో సెంటీమీటరు అన్నా ఆరేళ్లలో 24 సెంటీమీటర్లు పోతాయి. ఆరేళ్ల గడువున్న కుదుళ్లకు నడుం దాకా వచ్చే అవకాశం అక్కడితో సరి. పొడవు కావాలనుకునేవాళ్లు ఆరునెలలకోసారి సెంటీమీటరు తీయించి, మధ్యమధ్య చీలిన వెంట్రుకల్ని మాత్రం వెతికి, చీలికకు వేలెడు పైన ఒక్కొక్కటిగా కత్తిరించుకోవడం మేలు. దానికి జుట్టు కోసమే ఉంచుకున్న పదునైన కత్తెర ఉండాలి. పాల ప్యాకెట్లు కోసే కత్తెర మొండి అంచు కొసను నలిపి, అక్కడే కొత్త చీలిక పెడుతుంది.